దూరపు పక్షికి దగ్గరి చిత్రము

నేలపట్టు చెరువుగట్టుపై పుష్యమాసపు వేకువను నిలుచున్నవారికి మొదట అందునది దృశ్యము కాదు, ధ్వని. మంచు విడకమునుపే గూళ్ళలోని పిల్లల అరపులు చెరువంతట నిండియుండును. వెలుగు వచ్చినకొలది నీటి కడప చెట్ల తలలపై బూడిదవన్నె ముద్దలుగా గూడబాతులు తెలియవచ్చును. తల్లి ముక్కు క్రింది సంచిని విప్పగా పిల్ల మెడవరకు అందులో దూరి చేపను మ్రింగును. వట్టి కంటికి ఇదంతయు ఒక కదలికగా మాత్రమే తోచును. దానిని స్పష్టముగా చూడవలెనని, చూచినదానిని ఇంటికి కొనిపోయి పదిమందికి చూపవలెనని కోరిక పుట్టుట సహజము. తిరుపతి జిల్లాలో దొరవారిసత్రమునకు సమీపముననున్న ఈ చెరువును 1976లో పక్షి సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. సుమారు 459 హెక్టార్ల ఆ చోటున గూళ్ళయొద్దకు పోవుటకు వీలులేదు, పోనీయకూడదు కూడ. కావున ఆ కోరిక తీరుటకు మార్గమొక్కటే: మనము గట్టుననే నిలిచి, చిత్రమును దగ్గరకు రప్పించుకొనుట.

మేము ఈ విద్యకు వచ్చిన త్రోవ గర్వింపదగినది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఆ ప్రాంతముననే ఒక పల్లె చెరువుకడ చింతచెట్లపై రంగుకొంగలు గూళ్ళు కట్టినవని విని, చేతిలో ఒక సామాన్యమైన కెమెరాతో పోతిమి. దూరమునుండి చిత్రములు సరిగా రాలేదు. పది అడుగులు, మరి పది అడుగులు ముందుకు పోతిమి. చెట్టుమీది కొంగలన్నియు ఒక్కసారి లేచినవి. అవి గాలిలో తిరుగుచుండగా కాకులు దిగినవి. మేము చేతులు విదల్చి అరచుచునే యుంటిమి. రెండు గ్రుడ్లు నేలబడి పగిలినవి, మరి రెంటిని కాకులు ఎత్తుకొనిపోయినవి. పొలమునుండి వచ్చుచున్న ఒక ముసలి రైతు నిలిచి, "ఏందయ్యా ఇది? పిందెలున్న చెట్టుమింద రాళ్ళేస్తామా?" అని మాత్రము అని వెడలిపోయెను. ఆనాడు తీసిన చిత్రములు మాకడ ఇంకను ఉన్నవి. ఎవ్వరికిని చూపలేదు.

ఆ తరువాతనే స్పాటింగు స్కోపు అను దూరదర్శినిని సంపాదించితిమి. దీనికిని చేతదుర్భిణికిని భేదము కలదు. చేతదుర్భిణి వస్తువును ఎనిమిది, పది రెట్లు పెద్దది చేసి చూపును. దీనిని చేతబట్టి చూడవచ్చును. స్పాటింగు స్కోపు ఒంటికంటి సాధనము. 20 రెట్లనుండి 60 రెట్లవరకు పెద్దది చేయును, ముందరి అద్దము 60 మొదలు 85 మిల్లీమీటర్లవరకు వెడల్పుండును, స్టాండు లేనిదే పనికిరాదు. నక్షత్రములు చూచు దూరదర్శినిలో బొమ్మ తలక్రిందుగా కనబడినను నష్టములేదు గాని పక్షి తలక్రిందుగా కనబడిన చూచువాని తల తిరుగును. అందుచేత దీనిలో పట్టకములనుంచి బొమ్మను నిలువుగా నిలిపిరి.

కంటినుంచు చోటనే కెమెరానుంచిన చాలునని తోచుట క్రొత్త సంగతి కాదు. అయినను ఫిలిము కెమెరాల కాలమున అది కష్టసాధ్యముగ నుండెను. 1999లో మలేషియాకు చెందిన లారెన్సు పో అను పక్షి పరిశీలకుడు ఒక చిన్న డిజిటల్ కెమెరాను స్కోపు కంటికటకమునకు చేర్చి చూడగా చక్కని చిత్రములు వచ్చినవి. ఆ వార్త లోకమంతట వ్యాపించెను. ఫ్రాన్సుదేశపు అలెన్ ఫోసే అను ఆయన దీనికి 'డిజిస్కోపింగు' అని పేరు పెట్టెను. ఇప్పుడు ఆ కెమెరా స్థానమును సెల్‌ఫోను ఆక్రమించినది. ఫోనుకు మంచి దినములే వచ్చినవి. దాని కటకము చిన్నది గనుక కంటికటకమునుండి వెలువడు సన్నని వెలుగు స్తంభము అందులో సుఖముగా ఇముడును. పెద్ద కెమెరాల పెద్ద కటకములకు ఈ సౌకర్యము లేదు.

లెక్క సులభము. ఫోను ప్రధాన కటకము పాత ఫిలిము కెమెరా లెక్కలో 26 మిల్లీమీటర్ల కటకముతో సమానమనుకొందము. స్కోపును 30 రెట్లకు పెట్టినచో 26ను 30చే హెచ్చింపగా 780 మిల్లీమీటర్లు వచ్చును. ఇంతటి కటకమును విడిగా కొనవలెనన్న సామాన్యుని శక్తికి మించినమాట.

ఫోనును చేతితో కంటికటకమునకు ఆనించి పట్టుకొని తీయవచ్చునా యని పలువురు అడుగుదురు. ఒక్క నిశ్చలచిత్రమునకైన పట్టుకొనవచ్చును. వీడియోకు పనికిరాదు. కటకమునకు కటకము ఎదురెదురుగ, నడిమికి నడిమిగ నిలువవలెను. ఒక మిల్లీమీటరు ప్రక్కకు జరిగినను తెరమీద నల్లని చంద్రవంక వచ్చిపడును. రెంటి నడుమ దూరమును ముఖ్యమే. దూరము హెచ్చిన చిత్రము చుట్టును నల్లని వలయము ఏర్పడును. మరీ దగ్గరైన చిక్కుడు గింజలవంటి నీడలు అటునిటు పరుగెత్తును. కళ్ళజోడువారికై కంటికటకము చుట్టునుండు రబ్బరు గిన్నెను క్రిందకు త్రిప్పు ఏర్పాటుండును గదా, ఫోనుకును అట్లే క్రిందకు త్రిప్పి, ఆపై దూరమును కొద్దికొద్దిగ సరిచూచుకొనవలెను. దీనికొరకు తొడుగులు అమ్ముచున్నారు. మేము మొదట వాడినది మాత్రము కొళాయిల దుకాణమున కొన్న పి.వి.సి. గొట్టపు ముక్క, లోపల నల్లగుడ్డ అంటించి, ఫోను పాత తొడుగునకు బంకతో అతికించితిమి. అది రెండు శీతకాలములు పనిచేసినది.

ఇక్కడ ఒక చిక్కు చెప్పవలసియున్నది, ఏలయన మేము దీనివలన ఒక ఉదయమంతయు పోగొట్టుకొంటిమి. ఇప్పటి ఫోనులకు రెండు మూడు కటకములుండును. అంచున మిగిలిన నల్ల వలయమును తొలగించుటకు తెరపై బొమ్మను కొంచెము పెంచుదుము. అంతట ఫోను తన తెలివిని ఉపయోగించి, అడుగకయే రెండవ కటకమునకు మారును. ఆ రెండవ కటకము ఎదుట స్కోపు లేదు, మన తొడుగు గోడయే యున్నది. తెర నల్లబడును. స్కోపు చెడినదనుకొని మేము మరలన్నియు విప్పి బిగించితిమి. కటకమును మారనీయక బంధించు ఏర్పాటు ఫోనులో ఉన్నదేమో ముందుగ చూచుకొనుట మేలు. లేనిచో దానిని చేయగల కెమెరా ప్రోగ్రామును ఒకదానిని వేసికొనవలెను.

ఇక స్థిరత్వము. చిత్రము చెడుటకు స్కోపు కారణమగుట అరుదు. పదింట తొమ్మిదిమార్లు దానిక్రింది కాళ్ళే కారణము. 40 సెంటీమీటర్ల పొడవుగల స్కోపు ముందరి కొన, ఒక తలవెండ్రుక మందము, అనగా 0.07 మిల్లీమీటరు ప్రక్కకు జరిగినదనుకొనుడు. 400 మీటర్ల దూరముననున్న పక్షికడ అది 7 సెంటీమీటర్ల కదలిక యగును. గూడబాతు కన్నుండిన చోటికి మెడ వచ్చును. వ్రేలు తగిలినను, గాలి వీచినను, ప్రక్కవారు నడచినను జరుగునది ఈ వెండ్రుకవాసియే.

కావున తేలికగా మోయవచ్చునని సన్నకాళ్ళ స్టాండు కొనుట పొరపాటు. డబ్బు కొరతగ ఉన్నయెడల స్కోపులో ఒక మెట్టు తగ్గించుకొనియైనను స్టాండులో తగ్గింపరాదని మా అభిప్రాయము. కాళ్ళలో లావుపాటి పై భాగములనే ముందు సాచి, సన్నని క్రింది భాగములను లోపలనే ఉంచవలెను. నడిమి కంబమును పైకెత్తరాదు. ఎత్తినచో మూడుకాళ్ళ స్టాండు ఒంటికాలి స్టాండగును. సాధ్యమైనచో స్కోపు తల ఛాతి ఎత్తునకు మించకుండ చేసి, పీట వేసికొని కూర్చుండి తీయుట శ్రేష్ఠము. స్టాండు నడుమనున్న కొక్కెమునకు నీళ్ళసీసాలున్న సంచిని వ్రేలగట్టుదుము. అయితే సంచి గాలికి ఊగినచో మేలుకు మారు కీడగును గనుక అది నేలను కొంచెము ఆనియుండునట్లు చూడవలెను. చెరువుగట్టు మెత్తని మట్టియైనచో ఒక్కొక్క కాలిక్రింద చపటరాయి వేయుట మంచిది. అరణ్యశాఖవారు కట్టించు చూపుమంచెలు చూచుటకు సొంపుగ నుండును గాని వాటిపై పదిమంది ఎక్కిదిగుచుండగా వీడియో తీయ ప్రయత్నించుట వృథా; మేము మంచె క్రింద, దాని నీడను నిలుతుము.

స్టాండు తల మరొక సంగతి. చమురు నింపిన తల, వీడియో తలయని దుకాణములలో చెప్పుదురు, పక్షి నడచినప్పుడు దానిని వెంబడించుటకు తగినది. అది నూనె రాసిన తలుపువలె జారును గాని తటాలున కదలదు. ఫోను తగిలించిన వెంటనే స్కోపు వెనుకభాగము బరువెక్కును. బిగించిన మరను వదలినప్పుడు స్కోపు ముక్కు పైకి లేచినచో తూకము కుదరలేదన్నమాట. పళ్ళెముపై దానిని ముందుకు జరుపవలెను. మర వదలినను స్కోపు ఉన్నచోటనే నిలిచినప్పుడు పని సగము ముగిసినట్లే.

వీడియో మొదలుపెట్టుటకు తెరను తాకరాదు. తాకినప్పుడు పుట్టిన వణకు రెండు మూడు సెకండ్లు తగ్గదు. చెవిలో పెట్టుకొను తీగ శబ్దపు బొత్తాముతోగాని, దూరమునుండి పనిచేయు చిన్న రిమోటుతోగాని మొదలుపెట్టవచ్చును. రెండును లేనిచో తాకి, చేయి తీసి, మొదటి మూడు సెకండ్లను తరువాత కత్తిరించివేయవచ్చును. ఫోనులలో చేతివణకును సరిచేయు ఏర్పాటొకటి కలదు. స్టాండుపై గట్టిగా నిలిపినప్పుడు దానిని ఆపుటయే మంచిదని మా అనుభవము. స్కోపు ద్వారా వచ్చు ఇంతటి పెద్ద బొమ్మను ఆ ఏర్పాటు ఎరుగదు. స్కోపును మెల్లగా త్రిప్పునప్పుడు అది మన త్రిప్పుటను వణకుగా ఎంచి ఎదురులాగును, ఆపినప్పుడు బొమ్మ ఒక్క అడుగు తేలిపోవును.

నిశితత్వమును గూర్చి చెప్పునప్పుడు మొదట తెలియవలసినది, స్కోపును సరిచేయు చక్రము వేరు, ఫోను తనంతట సరిచేసికొనుట వేరు. రెండును ఒకేమారు పనిచేసినచో ఇద్దరు వంటవారు ఒకే కూరలో ఉప్పు వేసినట్లుండును. ముందుగా పక్షిని తెరపై నిలిపి, దానిమీద వ్రేలుంచి కొంతసేపు అదిమిన ఫోను తన దృష్టిని, వెలుతురును అక్కడనే బంధించును. ఆపైన స్కోపు చక్రముతోనే సవరింపవలెను. నిశితమైన చోటును దాటి కొంచెము ముందుకు, మరల వెనుకకు త్రిప్పి, నడిమిని పట్టవలెను. ఈకల అంచులకంటె కన్నులోని వెలుగుచుక్కను గురిగా పెట్టుకొనుట సుళువు. ఎండలో తెర కనబడదు. పాత ఫొటోగ్రాఫరులవలె తలపై నల్లగుడ్డ కప్పుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు. పల్లెపిల్లలు నవ్వుదురు. నవ్వనిండు.

తెల్లని పక్షి మరొక పరీక్ష. చుట్టును ముదురాకుపచ్చని కొమ్మలుండగా నడుమ కొంగ కూర్చున్నప్పుడు ఫోను కొమ్మలను చూచి వెలుతురును పెంచును. కొంగ సున్నపుముద్ద యగును, ఈక యొక్కటియు తెలియదు. పక్షిపై దృష్టిని బంధించిన పిమ్మట తెరపై వచ్చు సూర్యుని గుర్తును క్రిందకు లాగి వెలుతురును తగ్గింపవలెను. కొమ్మలు చీకటియైనను చింతలేదు. తెల్లని రెక్క అంచున ఊదారంగు గీత కనబడినచో అది మీ దోషము కాదు, గాజు దోషము, ఈ.డి. గాజు కటకములుగల స్కోపులలో అది చాలవరకు తగ్గును. ధర హెచ్చుటకు గల కారణములలో అదియొకటి.

వీడియో అనగా సెకండునకు 25 లేక 30 నిశ్చలచిత్రములు వరుసగా నడచుట. మంచి ఎండలో ఫోను ఒక్కొక్క చిత్రమును సెకండులో వేయవవంతు కాలములో తీసివేయును. అప్పుడు ప్రతి చిత్రమును నిశితముగనే యుండును గాని, వరుసగా చూచినప్పుడు స్టాండు వణకినచో బొమ్మ వణకుచునే యుండును. నిశితత్వమును స్థిరత్వమును ఒకటేయని భ్రమపడిన క్రొత్తవారిని మేము చాలమందిని చూచితిమి. మేమును అందులో ఒకరమే.

అందరును చేయు తప్పు మరొకటి కలదు. 60 రెట్లున్నవి గదా యని 60 రెట్లకు త్రిప్పుట. 80 మిల్లీమీటర్ల అద్దముగల స్కోపు 20 రెట్లకడ 4 మిల్లీమీటర్ల వెడల్పుగల వెలుగు స్తంభమును వెలువరించును. 60 రెట్లకడ అది 1.3 మిల్లీమీటరుకు దిగును, వైశాల్యమున తొమ్మిదవవంతు. బొమ్మ పెద్దదగును, మసకయగును, వణకును మూడింతలగును. ఫోను వెలుతురు చాలక ఇసుక చల్లినట్లు చుక్కలు చూపును. మా మట్టుకు మేము 20కిని 35కును నడుమ ఆగుదుము. పక్షి చిన్నదిగ కనబడుచున్నచో ఆనాటికి అది చిన్నదనియే ఒప్పుకొందుము.

ఇంత చేసినను లొంగని శత్రువొకటి కలదు, అది గాలి. వీచుగాలి కాదు, నడుమ నిలిచియున్న గాలి. దీనిని మేము పులికాటులో తెలిసికొంటిమి. దేశములో చిలక తరువాత పెద్దదైన ఈ ఉప్పునీటి సరస్సు ఆంధ్రప్రదేశమునందును తమిళనాడునందును వ్యాపించియున్నది. సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు రోడ్డు సరస్సును చీల్చికొని పోవును. శీతకాలమున ఆ రోడ్డుకు ఇరువైపుల లోతులేని నీటిలో ఫ్లెమింగోలు బారులుతీరి, తలలు క్రిందుచేసి, వంకరముక్కులతో బురదను వడగట్టుచుండును. ఉదయము పదిగంటలకు వెళ్ళితిమి. ఆకాశము నిర్మలము, ఎండ దివ్యము, స్టాండు గట్టిది. తెరపై చూడగా పక్షుల కాళ్ళు పాములవలె మెలికలు తిరుగుచున్నవి, దేహములు నీటిలో ప్రతిబింబములవలె కరగుచున్నవి. చక్రమును ఎంత త్రిప్పినను నిశితమైన చోటే దొరకలేదు.

కారణము పొయ్యిమీది గాలినెరిగినవారికి క్రొత్తది కాదు. వేడిగాలి పలుచన, చల్లనిగాలి చిక్కన. వెలుగు ఒకదానినుండి మరియొకదానిలోనికి పోవునప్పుడు కొంచెము వంగును. ఎండకు కాగిన తారురోడ్డుపైనను ఎండిన బురదపైనను గాలి పొరలుపొరలుగా లేచి కలసిపోవుచుండుటచేత వెలుగు క్షణమునకొక తీరున వంగును. 80 మిల్లీమీటర్ల అద్దము సిద్ధాంతరీత్యా 400 మీటర్ల దూరమున 3 మిల్లీమీటర్ల ఎడముగల రెండు చుక్కలను వేరుచేసి చూపగలదు. పగటి గాలి ఆ శక్తిలో చాలభాగమును మ్రింగివేయును. ఎక్కువ వెలగల స్కోపు కొన్నందువలన ఈ గాలి మారదు. పెద్దది చేసినకొలది మెలికలును పెద్దవగును.

మందు కాలమే. సూర్యోదయమునుండి రెండు గంటలు, మబ్బుపట్టిన దినము, వాన వెలిసిన పిమ్మట కొంతసేపు. దూరమును తగ్గించుకొనుట రెండవ మందు. అనగా మనము పోవుట కాదు, పక్షి వచ్చు చోటును ముందుగ తెలిసికొని కదలక కూర్చుండుట. కారులోనే కూర్చున్నచో పక్షులు అంతగా బెదరవు. కిటికీ అద్దమునకు బిగించు పట్టును వాడవచ్చును, ఇంజను ఆపవలెను, లోపలివారు ఊపిరియైనను మెల్లగా పీల్చవలెను. లారి పోయినప్పుడు కారు ఊగును, అది పోవువరకు ఆగుటకంటె చేయదగినది లేదు. కారునుండి దిగి తీయువారు మరొకటి గమనింపవలెను: చల్లని యంత్రపుగాలి నిండిన కారులోనుండి తీరప్రాంతపు చెమ్మగాలిలోనికి స్కోపును తెచ్చిన వెంటనే అద్దము చెమర్చును. గుడ్డతో తుడిచిన మరల చెమర్చును. అరగంట ముందుగ ఆ చల్లదనమును ఆపి కిటికీలు తెరచియుంచిన ఆ బాధ లేదు.

ధ్వనిని గూర్చి, రేడియో వినువారితో మాటాడుచు, ఒక్కమాట చెప్పక తప్పదు. 400 మీటర్ల దూరపు పక్షిని స్కోపు దగ్గరకు తెచ్చును గాని దాని గొంతును తేజాలదు. ఫోనుకు వినబడునది గాలి హోరు, మన దగ్గు, ప్రక్కవారి ఫలహారపు పొట్లము. చెరువుకడ ఉన్న ధ్వనిని వేరొక యంత్రముతో, ఉన్నిబట్ట కప్పి, అయిదు నిమిషములు విడిగా పట్టుకొని, తరువాత చిత్రముతో కలుపుదుము.

చిత్రమును తీయునప్పుడు తొందరపడి ఒక పక్షినుండి మరొక పక్షికి త్రిప్పుట కూడదు. ఒక గూటిపై నిలిపి, ఒక నిమిషము అట్లే విడిచిన, ఆ నిమిషములో పక్షియే ఏదేని చేయును. ఇంటికడ మరల మరల ఆపి చూచినప్పుడు అక్కడ గమనింపనిది తెలియవచ్చును: గూటిలో పిల్లలెన్ని, వాటిలో బలహీనమైనది ఏది, తల్లి ఎన్నిమార్లు వచ్చినది. కాలికి కడియమున్న పక్షియైనచో, మెలికలు తిరుగు గాలిలోనైనను ఏదో ఒక క్షణము తేటపడి, కడియముపై అంకెలు చదువ వీలగును; నిశ్చలచిత్రమునకు ఆ అదృష్టము తక్కువ.

పోయిన శీతకాలమున ఆ పల్లె చెరువుకు మరల పోతిమి. చింతచెట్లకు మూడువందల మీటర్ల దూరమున, గట్టుక్రింద, సూర్యోదయమునకు ముందే స్టాండు నిలిపి కూర్చుంటిమి. ఒక్క కొంగయు లేవలేదు. ఎనిమిది గంటలవేళ ఆ ముసలి రైతే గేదెలను తోలుకొని వచ్చెను. మమ్ము గుర్తుపట్టెనో లేదో తెలియదు. తెరవంక వంగి, ముఖముపై చేయి అడ్డము పెట్టుకొని చాలసేపు చూచెను. గూటిలో మూడు పిల్లలున్నవి. తల్లి వచ్చి చేపలను గూటిలో కక్కినది. రెండు పిల్లలు పైబడి తినుచున్నవి.

"ఆ మూలది తింటాండాదా లేదా, అయ్యా?" అని యతడు అడిగెను.

అది ఇంకను తినలేదు. ఇద్దరమును అట్లే చూచుచు నిలిచితిమి. గేదెలు చెరువులోనికి దిగిపోయినవి.